యూదా మింగిన మాట

మా సంఘంలో యేసు వేషానికి మనిషిని వెతుక్కోవాల్సి వచ్చేది గాని, యూదా వేషానికి ఎప్పుడూ కరువు లేదు. తాగి పెళ్లాన్ని కొట్టినవాడు, పక్కింటివాడి మీద అబద్ధం చెప్పినవాడు, ఎవడైనా సరే "ఈ ఏడు నాకియ్యుండ్రి" అని పెద్దల చుట్టూ తిరిగేవాడు. ఎందుకో చెబుతాను.

మంచిర్యాల దాటాక అడవి కొట్టి వేసిన బొగ్గుబాయి కాలనీ మాది. నీళ్ల బావినైనా, బొగ్గు గనినైనా మేం బాయి అనే అంటాం. హుస్నాబాద్ వాళ్లు, సుల్తానాబాద్ వాళ్లు, మంథని వాళ్లు, మాటల మధ్య మరాఠీ కలిపే పైవైపు వాళ్లు, అందరం బొగ్గు కోసం వచ్చి చేరినవాళ్లమే. రేకుల గుడి ఒకటి కట్టుకున్నాం. పక్కనే మిషన్ బడి. ఆ బడిలో టీచరమ్మను నేను. పేరు భూమవ్వ. నోరు పెద్దదంటారు. వాళ్లు చెప్పింది నిజమే.

మా గుడికి తొలి ఉపదేశి చిందు భాగోతాలాడే ఇంట పుట్టిన ముసలాయన. మద్దెల వినిపించకపోతే ఆయనకు ప్రార్థన కూడా నోటికి రాదు. మంచి శుక్రవారం నాడు సిలువ ఆట ఆడించడం ఆయన పెట్టిన అలవాటే. ఆ ఏడు తప్పు చేసినవాడే ఆటలో యూదా. నల్ల గొంగడి కప్పుకుని ప్రభువును అప్పగిస్తాడు. తర్వాత యాజకుల ముందు రేకు బిళ్లలు పారేసి, "ఏ తప్పు లేనోని రక్తం అప్పజెప్పి పాపం జేసిన" అని అందరూ వినేలా ఒప్పుకుంటాడు. అప్పుడు ఆడవాళ్లం చీపుర్లు పట్టుకుని వాణ్ణి గుడి నుంచి బొగ్గు కుప్ప దాకా తరుముతాం. శనివారమంతా వాడితో ఎవరూ మాట్లాడరు. ఈస్టర్ పొద్దున వాడు గొంగడితోనే గుడి గుమ్మం ముందుకు వస్తాడు. వాడి వల్ల ఎవరికి అన్యాయం జరిగిందో ఆ మనిషే తన చేత్తో మొదటి రొట్టె ముక్క ఇవ్వాలి. వాడు తినేదాకా సంఘంలో ఇంకెవరూ తినకూడదు.

అసలు యూదా ఉరేసుకున్నాడు గదా, వాడికి రొట్టె ఎక్కడిదని ఎవరో అడిగితే ముసలాయన అన్నాడట: "మూడొద్దులు ఆగితే వానికి సుత దొరుకుతుండె. తొందరపడ్డడు."

ఆ మాటంటే నాకు ప్రాణం. కాని ముసలాయన పోయాక ఆట మిగిలింది, ఆటలోని భయం పోయింది. నాలుగు చీపురు దెబ్బలు తిని, ఒక రొట్టె ముక్క తింటే ఏడాది పాపం కడిగేసుకున్నట్టే అనుకోవడం మొదలుపెట్టారు. కల్లు దుకాణంలో కూర్చుని "గీసారి యూదా నేనే" అని గొప్పలు చెప్పుకునేవాళ్లను నా చెవులతో విన్నాను. అందుకే వేషానికి అంత పోటీ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏడు ఆ వేషం దశరథానికి వచ్చింది.

ఆ చలికాలం చివర్లో కొత్త బాయిలో కప్పు కూలి మొగిలి చనిపోయాడు. పక్కనున్న సాంబయ్యకు ఒక కాలు పోయింది. బాయి లోపల బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా కర్ర గుంజలు నిలబెడతారు. గుంజలకు కొరత వస్తే వెనకవి పీకి ముందు పెడతారు. పీకమని చెప్పాల్సింది సర్దారు, ఆ మాట లేనిదే ఎవరూ గుంజ ముట్టరు. ఆ షిఫ్టు సర్దారు దశరథం, మా సంఘ పెద్ద కూడా. మొగిలిది, అతనిది హుస్నాబాద్ దగ్గర ఒకే ఊరు. తమ్ముడా అని పిలిచి, పని ఇప్పిస్తానని తీసుకొచ్చినవాడు అతనే. అదే దశరథం, మొగిలి తనంతట తానే గుంజ పీకాడని పైవాళ్లకు చెప్పాడు.

చూసినవాడు సాంబయ్య ఒక్కడే. అతన్నడిగితే "నాకేం యాదికి లేదు" అన్నాడు. బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో కూర్చునే పని ఇస్తామని పైవాళ్లు ఆశ పెట్టారు. ఇక యాది ఎట్లా ఉంటుంది?

మొగిలి బిడ్డ నా బడిలోనే చదివేది. ఒకనాడు పక్క పిల్ల ఆమెతో, "మీ బాపు తనే కప్పు మీదేసుకున్నడట. సాంబయ్య కాలు సుత మీ బాపే తీసిండట" అన్నది. మొగిలి బిడ్డ ఏడవలేదు. బలపం నోట్లో పెట్టుకుని కొరుకుతూ కూర్చుంది. నేను లేచి ఆ పక్క పిల్ల వీపున ఒక్కటి వేశాను. వేశాక గుర్తొచ్చింది, అది ఇంట్లో విన్నదే చెప్పింది గదా అని. కొట్టాల్సిన వీపు వేరే ఉంది.

ఈస్టర్ తర్వాత మంగళవారం గనుల ఇన్‌స్పెక్టరు విచారణకు వస్తాడని తెలిసింది. ఆ రోజు ఎవరూ నోరు విప్పకపోతే మొగిలి తప్పే ఖాయమవుతుంది. ఆ పిల్ల జీవితాంతం ఆ మాట మోయాలి.

శ్రమల వారం మొదట్లో మా గుడి పాస్టరు అయ్యగారు నన్ను వెంటబెట్టుకుని మొగిలి భార్య రాజక్క ఇంటికి బయల్దేరారు. అయ్యగారి పేరు దేవసహాయం, రాజమండ్రి వైపు మనిషి. రాష్ట్రాలు కలిశాయి గాని మాటలు ఇంకా కలవని రోజులు. మంచివాడే. మంచివాడు కావడమే ఆయనతో వచ్చిన చిక్కు.

రాజక్క గడపలో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. లేచి పీట వేసింది.

"దశరథం యూదా వేషం అడిగాడమ్మా," అన్నారు అయ్యగారు. "మనసు కుంగిపోయి ఉన్నాడు. ఈస్టర్ రోజున నువ్వు రొట్టె ఇస్తే వాడికీ శాంతి, నీకూ శాంతి. మంగళవారం కూడా ఏ గొడవా లేకుండా గడిచిపోతుంది."

"గొడవ ఎవలకు అయ్యగారూ?" అంది రాజక్క.

ఆయన ఆ ప్రశ్న దాటేశారు. "చూడమ్మా. యూదా లేకపోతే సిలువ లేదు. సిలువ లేకపోతే మనకు రక్షణ లేదు. చెడు కూడా దేవుని ఏర్పాటులో భాగమే. యోసేపును అన్నలు అమ్మేశారు. ఆ అమ్మకం వల్లే గదా కరువులో అందరూ బతికారు? మీరు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలు చేశాడు అన్నాడు యోసేపు. మొగిలి చావులో కూడా ఏదో మేలు దాగి ఉంది."

రాజక్క చాట పక్కన పెట్టింది.

"గా మాట అన్నదెవలు?"

"యోసేపు."

"యోసేపే గద. అమ్మినోళ్లు అనలే గద. అన్నలు వోయి, 'తమ్మీ, మేం నిన్ను అమ్మింది దేవుని ఏర్పాటే, ఫికర్ జెయ్యకు' అంటే యోసేపు ఊకుంటుండెనా? వాళ్లు కాళ్ల మీద వడ్డంక అన్నడు గా మాట. బాయిల పడ్డోడు అనాలె గా మాట. తోసినోడు అంటే అది వాక్యం గాదు, బుకాయింపు."

నాకు లోపల భలే అనిపించింది. పైకి మాత్రం గోడ వైపు చూశాను.

అయ్యగారి ముఖం ఎర్రబడింది. "నాకు వాక్యం నేర్పొద్దు రాజక్కా," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నా కూతురు టైఫాయిడ్‌తో పోయింది. అప్పుడు నన్ను నిలబెట్టింది ఈ మాటే. లేకపోతే ఈపాటికి పిచ్చివాణ్ణయ్యేవాణ్ణి" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నటన కాదు.

రాజక్క చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆమెకు ఆయన మీద జాలి కలిగిందని నాకు తెలిసింది. కాని జాలికి లొంగే మనిషి కాదు.

"మీ బిడ్డ గురించి మీరనుకున్నరు అయ్యగారూ. అనుకోవాలె. నా మొగని గురించి నేననుకోవాలె, నా తరఫున మీరనుకుంటే ఎట్ల? దేవుడు తన కొడుకును తనే ఇచ్చిండు. నేను నా మొగణ్ణి ఇయ్యలే. గుంజుకున్నరు. ఆయన కొడుకు సావు పాపాలు కడిగిందంటే నమ్ముత. నా మొగని సావు ఒక సర్దారు అబద్ధం కడిగేటందుకంటే నమ్మ. నేను మొక్కే దేవునికి మొగిలి సావు అక్కరలేకుండె. ఆ పూట గుంజలు అక్కర వడ్డది బాయికి."

"అంటే రొట్టె ఇవ్వవా?"

"ఇస్త. ఎందుకియ్య? ఆట మొత్తం ఆడుమనుండ్రి. మొత్తం ఆడితే నా చేతితోనే ఇస్త."

అయ్యగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. పాపం, ఆ ఇంట్లో ఆయన విన్నది "ఇస్త" అన్న ఒక్క మాటే.

శుక్రవారం గుడి ముందు జనం కిక్కిరిసిపోయారు. ఎన్నడూ రాని బాయి మేనేజరు కూడా వచ్చాడు. ఆయనకు ముందు వరసలో కుర్చీ వేశారు. దశరథం గొంగడి కప్పుకుని బాగానే ఆడాడు. ముద్దు పెట్టి అప్పగించాడు. యాజకుల ముందుకు వెళ్లి రేకు బిళ్లలు విసిరికొట్టాడు. నోరు తెరిచాడు. ఒక్క క్షణం కుర్చీ వైపు చూశాడు. ఇంతలో మద్దెలవాళ్లు, ఇక ఆ మాట అయిపోయిందనుకుని, ఎప్పటిలాగే దంచేశారు. మేం చీపుర్లతో లేచాం. నా చీపురు ముందే లేచింది, ఎంతైనా చాలా రోజులుగా దాచుకున్న కోపం గదా. దశరథం బొగ్గు కుప్ప దాకా తల వంచుకుని నడిచాడు, పరుగెత్తలేదు.

శనివారం రాజక్క ఇంటికి వెళ్లేసరికి ఆమె విసుర్రాయి దగ్గర ఉంది. మా గుడిలో ప్రభువు బల్ల మీద పెట్టేది జొన్న రొట్టె. ఆ ఏడు పిండి ఆమెదే.

"నిన్న వాణ్ణి గట్టిగనే కొట్టిన రాజక్కా," అన్నాను, కాస్త గొప్పగానే.

"కొట్టినవ్ టీచరమ్మా. కొట్టించుకునేటందుకే వాడు వచ్చింది," అంది విసురుతూనే. "దెబ్బలు తింటే ఆ మాట అనుడు తప్పుతదని. ఒప్పుకునే మాట మింగిండు. మద్దెల సప్పుడుల మీరెవలు సూడలే."

నాకు చీపురు పట్టిన చెయ్యి సిగ్గుపడింది. "మరేం జేస్తవ్?" అన్నాను.

"రొట్టె జేస్త."

ఆదివారం సూర్యుడు రాకముందే గుడి నిండింది. పిల్లలు కొత్త గౌన్లు వేసుకుని రొట్టె కోసం చూస్తున్నారు. సాంబయ్య చంకకర్రతో వచ్చి వెనక గోడకు ఆనుకున్నాడు. దశరథం గొంగడి కప్పుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. రాజక్క ఇత్తడి పళ్లెంలో రొట్టె పట్టుకుని ఎదురుగా వెళ్లింది. అతను రెండు చేతులూ చాచాడు.

రాజక్క ముక్క తుంచింది. కాని ఇవ్వలేదు.

"అన్నా, శుక్కురారం నాడు ఒక మాట మర్సినవ్. అది అను."

అయ్యగారు గబగబా ముందుకొచ్చారు. "రాజక్కా, ఆట మొన్ననే అయిపోయింది."

"అయిపోలే అయ్యగారూ. రొట్టె తిన్నంక గద అయ్యేది."

దశరథం తల వంచుకుని, పెదవుల మధ్యే గొణిగాడు. "ఏ తప్పు లేనోని రక్తం అప్పజెప్పి పాపం జేసిన."

"ఎవలి రక్తం?"

అతను తలెత్తాడు. చుట్టూ చూశాడు. "యేసు ప్రభువుది," అన్నాడు.

సగం గుడి ఆమెన్ అంది. అమ్మయ్య, పండుగ నడుస్తుందనుకున్నారు. రాజక్క ముక్కను గట్టిగా పట్టుకుంది.

"యేసు ప్రభువుది యూదా ఒప్పుకున్నడు. అది యూదా పాపం. నువ్వు నీ పాపం ఒప్పుకో. ఎవలి రక్తం?"

దశరథం గొంగడిని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. ఎండ గుమ్మంలోకి వచ్చింది. పిల్లలు ఆకలని ఏడుపు అందుకున్నారు. ముసలి పెద్ద ఒకాయన లేచి, "ఒక్క ముక్క కోసం పండుగ ఆపుతవా బిడ్డా?" అన్నాడు.

"నేనాపలే బాపూ. ఆయన నోరు ఆపింది."

అయ్యగారికి ఓపిక అయిపోయింది. "పళ్లెం ఇలా ఇవ్వు. నేనే ఇస్తాను," అని చెయ్యి చాచారు. నాకేమైందో తెలియదు, గోడకు ఆనించి ఉన్న చీపురు అందుకుని మధ్యలో నిలబడ్డాను.

"మీకేం అన్యాయం జేసిండని మీరిస్తరు అయ్యగారూ?" అన్నాను. "గీ దుఃఖం మీది గాదు, మీరెట్ల మాఫ్ జేస్తరు?"

ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. చీపురుకు భయపడి మాత్రం కాదు.

అప్పుడు వెనక నుంచి చంకకర్ర చప్పుడు వినిపించింది. సాంబయ్య జనాన్ని తోసుకుంటూ ముందుకొస్తున్నాడు. అతని ముఖమంతా చెమట. "నాకు యాదికి ఉన్నది," అన్నాడు. "అంత యాదికి ఉన్నది. దీపాల గది వద్దు, ఏ గది వద్దు. నేను జెప్త."

రాజక్క వెనక్కి తిరగలేదు. "ఆగు సాంబన్నా. ముందుగాల ఆయన జెప్పాలె."

దశరథం సాంబయ్య కాలు ఉండాల్సిన చోటు వైపు చూశాడు. తర్వాత మెల్లగా గొంగడి తీసి గుమ్మం బయట పడేశాడు. లోపల అతను బాయికి వేసుకునే ఖాకీ చొక్కానే ఉంది. వేషం లేని సర్దారు మా అందరి ముందూ నిలబడ్డాడు.

"మొగిలిది," అన్నాడు. "గుంజ పీకుమన్నది నేను. 'అన్నా, కప్పు పటపటమంటుంది, వద్దు' అన్నడు. నేను తిట్టిన. పనిల కెళ్లి తీసేస్త అన్న. పీకిండు." ఊపిరి తీసుకున్నాడు. "పైనుంచి బొగ్గు బొగ్గు అని పానం తీస్తుండిరి. గాని పీకుమన్న నోరు నాదే."

ఎవరో ఆడమనిషి గట్టిగా ఏడ్చింది. రాజక్క కాదు. ఆమె రొట్టె ముక్క పట్టుకున్న తన చేతి వైపే చూస్తోంది. ఆ చెయ్యి వెనక్కి తీసుకుంటుందని నేను అనుకున్నాను. నేనైతే తీసుకునేదాన్ని, సందేహం లేదు. ఆమె రొట్టె ముక్క అతని అరచేతిలో పెట్టింది.

"తిను."

అతను తినలేక నిలబడ్డాడు.

"తిను అన్నా. పోరగాండ్లు ఆకలితోటి ఉన్నరు. తిని మంగళారం ఆఫీసు కాడికి రా. గొంగడి అక్కరలేదు."

దశరథం ఏడుస్తూ తిన్నాడు. ఆ తర్వాత మేం తిన్నాం. అంత గట్టిగా నమిలిన రొట్టె నా జీవితంలో మరొకటి లేదు.

మంగళవారం అతను వచ్చాడు. ఇన్‌స్పెక్టరు ముందు, మేనేజరు ముందు అదే చెప్పాడు. సాంబయ్యా చెప్పాడు. దశరథం సర్దారు పని పోయింది. మర్నాడు బడిలో మొగిలి బిడ్డ ముందు వరసలోకి వచ్చి కూర్చుంది. కూర్చోమని నేను చెప్పలేదు.

ఆ సాయంత్రం అయ్యగారు మళ్లీ నన్ను వెంటబెట్టుకుని రాజక్క ఇంటికి వచ్చారు. ఈసారి పీట మీద కూర్చోలేదు, నిలబడే ఉన్నారు. ముఖం వెలిగిపోతోంది. మంచివాడని చెప్పాను గదా.

"చూశావా అమ్మా," అన్నారు. "దశరథం పశ్చాత్తాపపడ్డాడు. సాంబయ్యకు ధైర్యం వచ్చింది. సంఘానికి బుద్ధి వచ్చింది, నాకూ వచ్చింది. ఇంత కీడులోంచి దేవుడు ఎంత మేలు..."

"అయ్యగారూ," అంది రాజక్క. కోపంగా అనలేదు. పొయ్యి మీద గంజి కలుపుతూ అంది. "గా మాట నేనింకా అనలే."

ఆమె గరిటెను కుండ అంచుకు తట్టింది.

"ఏనాడన్న నా నోట వస్తదేమో. రాదేమో. వచ్చిన్నాడు నేనే మీ ఇంటికొచ్చి జెప్త. అప్పుడు మీరు ఆమెన్ అనుండ్రి."